పనికి పెట్టిచ్చినోడు

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు కూడా రాలేదు. ఆదివారం ఎవడు పంపుతాడులే అని నాకూ తెలుసు. అయినా లేచిన దగ్గర్నుంచి ఫోన్ చేతిలోనే ఉంది. స్నానానికి పోతూ బాత్రూం గూట్లో పెట్టుకున్నాను. అమ్మ చూసి, "దానికి గూడ తానం బోయిస్తవా ఏంది?" అంది.

రావాల్సింది ఒక్కటే సర్టిఫికెట్. మాంచెస్టర్ కంపెనీ వాళ్లు ఫలానా హారికను పనిలోకి తీసుకుంటున్నాం, ఆమెకు పూచీ మాది అని అక్కడి ప్రభుత్వానికి చెప్పే కాగితం. అది వస్తే ఈ సెలవులోనే హైదరాబాద్‌లో కొత్త వీసాకు పెట్టేసుకుని, ఇప్పుడు చేస్తున్న లెస్టర్ ల్యాబ్‌కు ఒక దండం పెట్టేస్తాను. అది రాకముందే ల్యాబ్ వాళ్లకు తెలిసిందా, నా పని ఖతం. ఇప్పుడున్న వీసా వాళ్ల పేరు మీదిది. వాళ్లు వద్దంటే ఆ దేశం వద్దన్నట్టే. నేను చేరకముందు ఒక శ్రీలంక అమ్మాయి వేరే చోట చూసుకుంటున్నానని నిజాయితీగా చెప్పిందట, ఆ వారమే బ్యాడ్జి లాక్కుని పంపేశారట. చూసినవాళ్లెవరూ నాకు తగల్లేదు గానీ ల్యాబ్‌లో అందరూ చెప్పుకుంటారు.

రెండేళ్ల నుంచి దగ్గు మందు సీసాలు ఊపి నురుగు చూస్తున్నాను. ఇంకో మూడేళ్లు ఊపితే అదే నా చదువైపోతుంది. మాంచెస్టర్‌లో కొత్త మందుల పని. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగిన ప్రశ్నలకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది పోతే మళ్లీ రాదు. పోదు. ఎందుకు పోతుంది?

బాపును దేవుడి గదిలో నిలబెట్టి ఒట్టేయించుకున్నాను. "బజార్ల ఒక్కనికి గూడ చెప్ప బిడ్డా, నేనెవనికి చెప్త?" అన్నాడు. బాపు ఆ మాట తప్పడు. అమ్మ సంగతే చెప్పలేను.

చైతన్యకు కూడా చెప్పలేదు. చెప్పాల్సింది అతనికే. కాలేజీలో నాకు సీనియర్, హనుమకొండ పిల్లాడు. నా బయోడేటా మేనేజర్ డేవిడ్ చేతిలో పెట్టి 'ఈ అమ్మాయి పనికి నాది భరోసా' అన్నది అతనే. నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి పెట్టె మోసింది అతనే. కానీ అతనూ అదే వీసా మీద అదే ల్యాబ్‌లో ఉన్నాడు, రోజూ డేవిడ్‌తో కలిసి టీ తాగుతాడు. నోరు జారితే? పైగా అతని సంగతులు అతనికున్నాయి. శని, ఆదివారాల్లో వేరే వాళ్ల పేరు మీద సైకిలేసుకుని ఇళ్లకు తిండి పార్సిళ్లు ఇచ్చి వస్తాడు. ఈ వీసా మీద అది చేయకూడదు. నాకొక్కదానికే చెప్పాడు. "తెలిసిందనుకో హారికా, నన్ను సైకిల్‌తోని సహ ఫ్లైట్ ఎక్కిస్తరు" అని నవ్వాడు.

సర్టిఫికెట్ వచ్చాక మొట్టమొదట అతనికే చెప్తాను.

ఆగస్టు 5

రాలేదు.

ఆగస్టు 6, బుధవారం

ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందని స్టేషన్ రోడ్డులో బాపు దుకాణానికి పోయి కూర్చున్నాను. వాన. బేరం లేదు. గుమాస్తా యాకయ్య మిరపకాయల బస్తాల మీద టార్పాలిన్ కప్పుతుంటే అతని మేనల్లుడు మహిపాల్ వచ్చాడు. నాలుగేళ్లుగా భానుచందర్ సేటు నూనెల దుకాణంలో చేస్తున్నాడు, ఇప్పుడు మా దగ్గర చేరతానన్నాడు.

బాపు అడిగిన మొదటి మాట, "మీ సేటు దగ్గర సెలవు దీస్కున్నవా?"

"ఇగ రానని ఫోన్ జేసి చెప్పిన సేటూ."

"ఫోన్ల జెప్తె సెలవైతదారా? నిన్ను గక్కడ పనికి పెట్టిచ్చింది ఎవలు?"

"మా యాకయ్య మామనే."

"మరింక యాకయ్య పోవాలె. పండ్లు, మిఠాయి పట్కొని పోయి, పిల్లగాడు ఇన్ని దినాలు నీ నీడకు బతికిండు, ఇప్పుడు ఇంకో దగ్గరికి పోతాండు, సంతోషంగ పంపు సేటూ అని అడగాలె. ఆయన సరే అన్నంకనే నా గద్దె ఎక్కాలె."

యాకయ్య తడుచుకుంటూ పోయాడు. కాసేపటికి భానుచందర్ సేటే మహిపాల్ భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. టీ తాగాడు. "మంచి పిల్లగాడు కిషన్ రావన్నా, పొద్దుగాల జర లేటుగ అస్తడు, గంతే" అని అప్పగించి పోయాడు. నాకు నవ్వాగలేదు.

"బాపూ, రాజీనామాకు మిఠాయి డబ్బానా? మా దగ్గర ఇట్లా చేస్తే పిచ్చోళ్లనుకుంటారు."

"మీ దగ్గర ఎట్ల జేస్తరు?"

"కొత్తది చేతికి వచ్చేదాకా నోరు మూసుకుంటారు. వచ్చాక ఒక మెయిల్ కొడతారు."

"పెట్టిచ్చినోనికి గూడ జెప్పకుంటనా?" అన్నాడు బాపు. నేను ఫోన్ చూసుకున్నాను. రాలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

అమ్మ వ్రతం. ముత్తయిదువులంతా వచ్చి నన్నే చూశారు. పక్కింటి రాజక్క అయితే సూటిగా, "మల్లెప్పుడు పోతానవ్ పిల్లా? పోతానవా, వాళ్లే పంపిన్రా?" అంది. నవ్వాను. ఆమె తాంబూలంలో వక్క నేనే విసిరినట్టు పెట్టాను.

సాయంత్రం బాపు పక్కన కూర్చుని ఆరాలు. మీ సేటు పేరేంది? డేవిడ్. మంచోడేనా? నాకేం తెలుసు, మేనేజర్. నిన్నెప్పుడన్న తిట్టిండా? లేదు. చైతన్య మాట ఇంటడా? వింటాడు బాపూ, ఎందుకివన్నీ? "ఊకెనే బిడ్డా" అన్నాడు. ముసలాయనకు ఏం తోచదు. కసిరాను. తర్వాత పాపం అనిపించి వక్కపొడి డబ్బా అందించాను.

ఆగస్టు 9

రాఖీ. నిఖిల్‌గాడికి కట్టాను. వాడు నా మొహం చూసి ఏదో చెప్పబోయి మానేశాడు. ఏందిరా అంటే ఏం లేదక్కా అన్నాడు. రాలేదు.

ఆగస్టు 11, సోమవారం

మాంచెస్టర్ నుంచి మెయిల్ వచ్చింది. సర్టిఫికెట్ కాదు.

సర్టిఫికెట్ ఇవ్వాలంటే ప్రస్తుతం నేను పనిచేస్తున్న చోట మేనేజర్ నుంచి రిఫరెన్స్ కావాలట. వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారంలోపు. మా ప్రొఫెసర్ రాసిస్తారు, చాలదా అని అడిగాను. చాలదట. పాత జీతగాణ్ణి కొత్త సేటు తీసుకునే ముందు పాత సేటునే అడుగుతాడట. బాపు మాట లాగే ఉంది ఇది, సిగ్గులేకుండా.

డేవిడ్‌ను అడిగితే నేను పోతున్నట్టు తెలుస్తుంది. తెలిస్తే తీసేస్తారు. తీసేస్తే పాత వీసా పోతుంది. అడక్కపోతే మాంచెస్టర్ పోతుంది. రెండూ పోతే నేను ఇక్కడే స్టేషన్ రోడ్డులో మిరపకాయల పక్కన కూర్చుంటాను, రాజక్క రోజూ వచ్చి ఎప్పుడు పోతానవ్ అని అడుగుతుంది.

డేవిడ్‌కు మెయిల్ రాశాను. చెరిపాను. మళ్లీ రాశాను. 'ప్రియమైన డేవిడ్' దాకా బాగానే వస్తోంది.

అన్నం తినలేదు. అమ్మ పళ్లెం పట్టుకుని గది గుమ్మంలో నిలబడి నిలబడి పోయింది. దేవుడా, ఒక్క కాగితం. ఏమడిగాను నిన్ను?

ఆగస్టు 12

చైతన్య ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. 'ఒకసారి మాట్లాడాలె' అని మెసేజ్. ఏం మాట్లాడాలి? అదీ అక్కడి పనివేళలో? ఎత్తితే నేనేదో దాస్తున్నానని అతనికి తెలిసిపోతుంది. వాయిస్ మెసేజ్‌లు కూడా పెట్టాడు. వినలేదు. అతని పేరు మీద నొక్కి చప్పుడు రాకుండా చేశాను. సర్టిఫికెట్ వచ్చాక చూసుకుందాం.

ఆగస్టు 13, బుధవారం

అయిపోయింది.

ల్యాబ్‌లో సిబ్బంది వ్యవహారాలు చూసే ఫియోనా నుంచి మెయిల్. 'మీ ఉద్యోగ ఆలోచనల గురించి మా దృష్టికి ఒక విషయం వచ్చింది. రేపు డేవిడ్, నేను మీతో వీడియోలో మాట్లాడదలచాం.' అంతే. ఆ శ్రీలంక అమ్మాయికి కూడా ఇలాంటి మెయిలే వచ్చి ఉంటుంది.

ఎవరు చెప్పారు? మాంచెస్టర్ వాళ్లు నన్నడక్కుండా చెప్పరు, రాసిచ్చారు. అమ్మకు డేవిడ్ ఎవడో తెలియదు. బాపు ఒట్టేశాడు. మిగిలింది ఒక్కడే. నిన్న 'మాట్లాడాలె' అన్నవాడు. ఎట్లా తెలిసింది అతనికి? ఎట్లాగో తెలిసింది. అతను తెలివైనవాడు. సీనియర్ అనలిస్ట్ పోస్టు ఖాళీ అవుతుందని అందరూ అంటున్నారు, దానికి మా ఇద్దరి పేర్లే వినబడుతున్నాయి. ఛ, చైతన్య అట్లాంటివాడు కాదు.

అట్లాంటివాడు కాకపోతే డేవిడ్‌కు ఎట్లా తెలిసింది? చెప్పు మరి.

ఏం చేయను? ఏం చేయను నేను?

ఆగస్టు 14, గురువారం

మధ్యాహ్నం కాల్. మేడ మీద గదిలో తలుపు గడియ వేసుకున్నాను. అమ్మ దువ్వెన తెచ్చి "జుట్టన్న దువ్వుకో" అంటే విసిరికొట్టాను.

డేవిడ్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు కోడిని కోసేముందు నిమిరినట్టుంది. సెలవు బాగా గడుస్తోందా అన్నాడు. అక్కడ వానలా అన్నాడు. ఫియోనా పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరకు, "నీ నోటి నుంచి ఒక సంగతి విందామని" అన్నాడు.

"నాకు ల్యాబ్ వదిలే ఆలోచన లేదు" అన్నాను. అతను అడగకముందే.

నవ్వు ఆగిపోయింది. "లేదా?" అన్నాడు.

"లేనే లేదు. ఎవరో పుట్టించిన మాట."

"మొన్న చైతన్య నా దగ్గరికొచ్చి..." అని అతను మొదలుపెట్టాడు. నేను వినలేదు. చైతన్య మాట నమ్మొద్దని చెప్పాను. ఎందుకు నమ్మకూడదో కూడా చెప్పాను. ఫియోనా తలెత్తింది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. అదే సంగతి రాసి పంపగలరా అంది. డేవిడ్ "ఇప్పుడే అవసరమా?" అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె, "చెవిన పడ్డాక ఊరుకోవడానికి మనకు వీల్లేదు" అంది.

రాసి పంపాను. అడిగారు, రాశాను. అడక్కపోతే రాసేదాన్నా?

ఉద్యోగం గురించి మళ్లీ ఏమీ అనలేదు వాళ్లు. అంటే బతికానన్నట్టే కదా. బతికాను.

ఆగస్టు 15

వీధి చివర బడిలో జెండా పాటలు. బాపు దుకాణం దగ్గర జెండా ఎగరేసి లడ్డూలు పంచి వచ్చాడు. ఎందుకో మహా సంతోషంగా ఉన్నాడు. నాకు రెండు లడ్డూలు ఎక్కువ తెచ్చాడు.

నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చైతన్య శని, ఆదివారాలు సైకిల్ మీద పార్సిళ్లు ఇస్తాడు. అది నిజం. వేరే వాళ్ల పేరు మీద చేస్తాడు. అదీ నిజం. చేయకూడదని అతనికి తెలుసు. ముందు నన్ను పట్టించింది అతనే. ముంచేవాడి చెయ్యి పట్టుకుని లాగితే తప్పా?

తప్పు కాదు.

ఏమవుతుందిలే. మందలిస్తారు. ఫియోనా అంత చెడ్డదేం కాదు.

ఆగస్టు 16

తప్పు కాదు.

ఆగస్టు 17, ఆదివారం

వరసగా రాస్తాను.

పొద్దున టిఫిన్ దగ్గర బాపు అడిగాడు. "ఏమన్నడు బిడ్డా మీ డేవిడ్ సేటు? మాట్లాడిండు గద?"

నా చేతిలో దోసె ముక్క అట్లాగే ఉండిపోయింది. "నీకెట్లా తెలుసు మాట్లాడిండని?"

బాపు నిఖిల్ వైపు చూశాడు. నిఖిల్ పళ్లెంలోకి చూశాడు. అమ్మ, "ఇగ చెప్పున్రి, ఎన్నొద్దులు దాస్తరు?" అంది. అంటే అమ్మకూ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

రాఖీ నాడు బాపు చైతన్యకు ఫోన్ చేశాడట. నేను మేనత్త ఇంటికి పోయినప్పుడు. నిఖిల్ కలిపి ఇచ్చాడట.

"బజార్ల ఒక్కనికి జెప్పలే బిడ్డా. నా ఒట్టు నేను తప్పలే. గని పెట్టిచ్చినోనికి జెప్పకుంట ఎట్లుంటరు? రేపు గా సేటు, నువ్వు దెచ్చిన పిల్ల గిట్ల జేసిందేందిరా అని చైతన్యను అడగడా? గా పిల్లగాని ఇజ్జత్ ఏంగావాలె? అందుకే చైతన్యకు జెప్పిన. నాయనా, నేను అంత దూరం రాలేను, నా లెక్క నువ్వే పో. పండ్లు, మిఠాయి పట్కొని పోయి, మా పిల్ల రెండేండ్లు మీ నీడకు బతికింది, మంచిగ పంపున్రి అని అడుగు అన్న."

"అతనేమన్నాడు?" అన్నాను.

"అంకుల్, ఈడ గట్ల ఉండది అన్నడు ముందుగాల. మల్ల, సరే అంకుల్, మీరు జెప్పిన్రు గద, పోత అన్నడు. పోయిండు. నువ్వు ఒత్తిడి మీదున్నవ్, పని అయినంక చెప్దామని నీకు జెప్పలే."

చైతన్య పంపిన ఫొటో నిఖిల్ తన ఫోన్‌లో చూపించాడు. ల్యాబ్ మెట్ల దగ్గర డేవిడ్. చేతిలో మిఠాయి డబ్బా. ఒక బుగ్గ ఉబ్బి ఉంది, లడ్డూ నోట్లోనే ఉంది. నవ్వుతున్నాడు. గురువారం నేను చూసిన నవ్వు అదే.

మేడ మీదికి పోయి చైతన్య వాయిస్ మెసేజ్ విన్నాను.

"హారికా, ఫోన్ ఎత్తవేందే? నీకో మంచి ముచ్చట. అంకుల్ జెప్పిండని డేవిడ్ దగ్గరికి పోయిన. ముందుగాల నాకు చెమటలు వట్టినయ్ అనుకో. గని మనిషి మంచోడే. నన్ను ఇట్ల అడిగి పోయినోళ్లు ఇంతవరకు ఎవ్వలు లేరు అన్నడు. గా శ్రీలంక పిల్ల ముచ్చట గూడ అడిగిన, అదంత ఉత్తదేనట, ఆమెనే పెండ్లి జేస్కొని పోయిందట. నీకు రిఫరెన్స్ ఇస్తనన్నడు. నువ్వు ఒక్కసారి నోటితోని జెప్తె చాలట. నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా? సరే తియ్. ఫికర్ జెయ్యకు."

మళ్లీ విన్నాను. మళ్లీ.

కింద నుంచి బాపు పిలుస్తున్నాడు, దోసె చల్లారిపోతాంది అని.

ఆగస్టు 18, సోమవారం

ల్యాబ్‌కు ఫోన్ చేశాను. కలవలేదు. లైన్లు బిజీగా ఉన్నాయి. రేపు చేస్తాను.

ఆగస్టు 19, మంగళవారం

నిన్న ఫోన్ చేయలేదు. ఈ డైరీ ఎవరు చూస్తారని ఇందులో కూడా అబద్ధం రాశాను? మధ్యాహ్నమంతా నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను, అంతే.

ఈ రోజు చేశాను. డేవిడ్‌కే. పోవాలనుకుంటున్న మాట నిజమేనని చెప్పాను. మాంచెస్టర్ పేరు చెప్పాను. గురువారం అబద్ధమాడానని చెప్పాను. అతను ఊఁ అంటూ విన్నాడు. అక్కడిదాకా బాగానే చెప్పాను.

"చైతన్య గురించి రాసింది వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

"అది అబద్ధమా?" అని అడిగాడు.

అవును అనాలి. ఒక్క మాట. అబద్ధం, కోపంతో కల్పించి రాశాను, నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి అనాలి. దానికోసమే కదా ఫోన్ చేసింది. కానీ అవునంటే అబద్ధాలకోరును నేనవుతాను. అబద్ధాలకోరుకు రిఫరెన్స్ ఎవడిస్తాడు? నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఇది:

"మరి నా రిఫరెన్స్?"

ఛీ.

డేవిడ్ మెల్లగా చెప్పాడు. రిఫరెన్స్ ఇస్తానని చైతన్యకు మాటిచ్చాను, మాంచెస్టర్ వాళ్లు అడగ్గానే పంపిస్తాను అన్నాడు. "పని బాగా చేస్తావని రాస్తాను. చేస్తావు కాబట్టి. మనిషి ఎట్లాంటిదని ఆ ఫారంలో అడగరు."

చైతన్య? సోమవారం పిలిచి అడిగారట. ఒప్పుకున్నాడట. అడిగిన వెంటనే. కాదంటాడేమో, సాక్ష్యం లేదని వదిలేద్దామని డేవిడ్ చూశాడట. కాదనలేదట. ప్రభుత్వానికి రాయక తప్పదు, రాయకపోతే మిగతా అందరి వీసాలకూ ఎసరొస్తుంది అన్నాడు. గడువు ఇస్తారు, ఆలోపు దేశం వదిలి పోవాలి.

"ఎవరు చెప్పారని అడిగాడా?" అన్నాను.

"అడగలేదు" అన్నాడు డేవిడ్.

ఎందుకు అడుగుతాడు? ఆ సంగతి అతను చెప్పింది నాకొక్కదానికే.

ఆగస్టు 20

చైతన్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నిజంగానే చేశాను. చాలాసార్లు చేశాను. క్షమించమని రాసి పంపాను, చూసినట్టు టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

బాపుకు చెప్పాలి. రేపు చెప్తాను.

ఆగస్టు 21

మాంచెస్టర్ వాళ్లకు వద్దని రాసేద్దామనుకున్నాను. రాస్తే చైతన్యకు ఏమైనా ఒరుగుతుందా? ఒరగదు. ఇద్దరం పోవడం తప్ప. ఒకరమైనా నిలబడాలి కదా.

ఎంత బాగా ఆలోచిస్తానో నేను.

బాపుకు రేపు చెప్తాను.

ఆగస్టు 22, శుక్రవారం

వచ్చింది.

ఫోన్ మోగితే అమ్మే ముందు చూసింది. ఇంగ్లీషు చదవలేదు గానీ నా మొహం చదివి, దేవుడి గదిలోకి పరుగెత్తింది. బాపు కళ్లు తుడుచుకున్నాడు. "చూసినవా బిడ్డా? మంచిగ అడిగితే ఎవలన్న ఇస్తరు. గా చైతన్య ఎంత మంచి పిల్లగాడు! పోయేటప్పుడు వానికి మంచి అంగీ గుడ్డ పట్కపో" అన్నాడు.

చెప్పలేకపోయాను. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఎట్లా చెప్పను? ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని అమ్మ నా తల నిమిరింది. నిమురుతుంటే ఇంకా ఏడ్చాను.

ఇన్నాళ్లు ఏ కాగితం కోసం చచ్చానో ఆ కాగితం ఫోన్‌లో ఉంది. తెరిచి చూడాలనిపించడం లేదు. వీసాకు పెట్టాలి, మంగళవారం హైదరాబాద్ పోవాలి. పోతాను. పోకుండా ఉండగలనని అనుకోవడం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

కళావతి అత్తమ్మ వచ్చింది. చైతన్య వాళ్లమ్మ. హనుమకొండలో చీరలకు జాకెట్ గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. దుకాణం మూసి, ఆటో మాట్లాడుకుని వచ్చింది. అమ్మ ఫోన్ చేసి చెప్పిందట, మీ చైతన్య పుణ్యమా అని మా పిల్లకు పెద్ద కంపెనీల వచ్చింది అని.

గుమ్మంలోనే నన్ను దగ్గరికి తీసుకుంది. చీర నుంచి కొత్త గుడ్డల వాసన. "మావోడు ఫోన్ జేసినప్పుడల్ల నీ ముచ్చటనే. హారిక మస్తు పనిమంతురాలు అమ్మా అంటడు. నువ్వు పెద్దగైతె మాకు సంతోషం గాదా?" అంది. నేను ఆమె భుజం మీది నుంచి గోడ వైపు చూశాను.

సంచిలోంచి సీసా తీసింది. చింతకాయ తొక్కు. మూత చుట్టూ ప్లాస్టిక్ కవర్, దాని మీద దారం, దాని మీద మళ్లీ కవర్. "నూనె కారకుంట గట్టిగ గట్టిన. వానికి ఇది లేంది ముద్ద దిగది. నువ్వు పోయేటప్పుడు పట్కపోతవా బిడ్డా?"

"పట్కపోతది, ఎందుకు పట్కపోదు?" అంది అమ్మ.

బాపు వచ్చి కూర్చున్నాడు. "నీ కొడుకు బంగారం చెల్లే" అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అంతలోనే కొంచెం దిగులుగా, "ఈ వారం పది రోజుల సంది ఫోన్ సక్కగ ఎత్తుతలేడన్నా. పని ఎక్కువున్నదట. బక్కగ అయ్యిండో ఏందో. హారికా, జర నీ ఫోన్ల చెయ్యి బిడ్డా, నీది ఎత్తుతడేమో. ఒక్కసారి మొఖం చూస్త" అంది.

నాది అసలే ఎత్తడు. అందుకే చేశాను. మోగి మోగి ఆగిపోతుంది, బిజీగా ఉన్నాడత్తమ్మా అందామనుకున్నాను.

ఎత్తాడు.

గడ్డం పెరిగింది. వెనక గోడ పక్కన సూట్‌కేసు తెరిచి ఉంది, సగం సర్దిన చొక్కాలు. నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. నేను గబుక్కున ఫోన్ వాళ్లమ్మ వైపు తిప్పాను.

"కొడుకా!" అంది ఆమె. "గా పెట్టె ఏందిరా? ఎక్కడికి పోతానవ్?"

అతని గొంతు, ఎప్పటిలాగే. "ఎక్కడికి లేదమ్మా. గది మారుతాన. పెద్ద గది దొరికింది."

"తిన్నవా? బక్కగైనవ్."

"ఈడ అందరు బక్కగనే ఉంటరు. చలి గద."

"చింతకాయ తొక్కు తెచ్చిన. హారికతోని పంపుతాన."

"పంపు పంపు. ఎక్కువనే వెట్టు. హారిక తెస్తదిలే, మంచి పిల్ల" అన్నాడు.

గది మధ్యలో నిలబడి విన్నాను ఆ మాట. బాపు నవ్వుతూ తలూపుతున్నాడు. అమ్మ చాయ్ కప్పులు సర్దుతోంది. అత్తమ్మ ఇంకేవేవో అడిగింది, అతను అన్నింటికీ జవాబు చెప్పాడు, ఒకచోట నవ్వాడు కూడా. ఆమె కడుపు నిండినట్టయి, "ఇగో హారికతోని మాట్లాడు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

అతను నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. లేదు. అలిసిపోయి ఉన్నాడు. నేను "చైతన్యా" అన్నాను. కట్ చేశాడు.

అత్తమ్మ నా మొహమే చూస్తోంది. నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"ఆఁ, చెప్పు చైతన్యా. సరే. తెస్తాను. లేదు లేదు, పగలదు, బట్టల మధ్యలో పెడతాను. ఆఁ. నువ్వు కూడా జాగ్రత్త. ఉంటాను మరి."

"ఏమన్నడు బిడ్డా?" అంది అత్తమ్మ.

"తొక్కు జాగ్రత్తగా తెమ్మన్నడు అత్తమ్మా" అన్నాను.

సీసా తీసుకుపోయి పెట్టెలో పెట్టాను.